తలుపు తట్టే హక్కు ఎవరిది?

పిలవని పేరంటానికి పోవడం మన సమాజంలో చిన్నతనం. పోయినవారిని చూసి ఊరు నవ్వుతుంది. కాని పిలవకుండా, వేళాపాళా చూడకుండా, జేబులోని టెలిఫోను ద్వారా నేరుగా మన చెవిలోకి వచ్చే పిలుపును చూసి ఎవరూ నవ్వడం లేదు. అప్పు ఇస్తామంటారు, స్థలం అమ్ముతామంటారు, మీ ఖాతా ఆగిపోయిందంటారు. మనం విసుక్కుంటాం, ఫోను పెట్టేస్తాం, మరచిపోతాం. ఈ విసుగు వెనుక ఒక హక్కు ఉన్నదనీ, ఆ హక్కుకు ఒక చరిత్ర ఉన్నదనీ, ఆ చరిత్రలో తెలుగువారి పాత్ర చిన్నది కాదనీ చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మనవారి నుంచే వచ్చే ఒక ఆక్షేపణ ఉన్నది. గోప్యత అనేది మేడల్లో ఉండేవారి మాట. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో గోప్యత ఏమిటి, కూడూ గుడ్డా లేనివాడికి ఏకాంతం ఎందుకు అని అడిగే మిత్రులు ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి సమాధానం సిద్ధాంతంలో కంటే చరిత్రలో స్పష్టంగా దొరుకుతుంది.

గోప్యత అన్న సంస్కృత పదం పాలకుల, న్యాయస్థానాల భాషలోనిది. మన జనం నోట ఉన్న మాట గుట్టు. గుట్టుగా బతకడం అంటాం. ఇంటి గుట్టు లంకకు చేటు అంటాం. కాబట్టి ఈ భావన పాశ్చాత్యుల నుంచి ఎరువు తెచ్చుకున్నది కాదు. కాని ఒక తేడా ఉన్నది. గుట్టు ఇంటికి చెందినది, ఇంటి పరువుకు చెందినది. ఆ ఇంట్లో ఉన్న కోడలికి, కూలివాడికి, పిల్లకు తమదంటూ ఒక గుట్టు ఉండవచ్చునని పాత సమాజం ఒప్పుకోలేదు. ఇంటి గుట్టు నుంచి మనిషి హక్కు దాకా జరిగిన ప్రయాణమే మనం చూడవలసిన చరిత్ర.

ఆ ప్రయాణం జాబితాలతో మొదలవుతుంది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికి కూడా విస్తరించింది. ఒక కులంలో పుట్టిన పాపానికి మనిషి పేరు పోలీసు పట్టీలోకి ఎక్కేది. వేలిముద్రలు తీసుకునేవారు. హాజరు పలికించేవారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. తెలుగునాట ఎరుకలవారిని తెచ్చి ఉంచిన బాపట్ల ప్రాంతపు స్టువర్టుపురం ఆ విధానానికి సాక్ష్యం. ఆ చట్టం 1952లో రద్దయినది. దాని చోట అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. పట్టీలు మాత్రం పోలేదు. గుట్టును మొట్టమొదట పోగొట్టుకున్నది మేడల్లోవారు కాదు, గుడిసెల్లోవారు అని ఇక్కడే తేలిపోతున్నది.

గోప్యతా హక్కు మన సుప్రీంకోర్టులో గట్టిగా చర్చకు వచ్చినది కూడా ఇటువంటి పట్టీ మూలంగానే. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్‌సింగ్ మీద 1941లో ఒక దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా అతని పేరిట చరిత్ర పట్టీ తెరిచారు. రాత్రివేళల్లో కానిస్టేబుళ్ళు వచ్చి తలుపు తట్టేవారు, కేకలు వేసి నిద్ర లేపేవారు, ఊరు విడిచి పోతే వెంట పడేవారు అని అతని ఫిర్యాదు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రి ఇంటికి వచ్చి సోదా చూడడం చెల్లదన్నారు. కాని నిఘాలో తక్కిన భాగాన్ని ఉండనిచ్చారు. గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకులు తేల్చారు.

ఆ తీర్పుతో విభేదించినవారు ఇద్దరు. ఒకరు జస్టిస్ జె. సి. షా. విభేదిస్తూ తీర్పు రాసిన రెండవవారు రాజమహేంద్రవరంలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కోకా సుబ్బారావు. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో లేకపోవచ్చును గాని, అది వ్యక్తిస్వాతంత్ర్యంలో విడదీయరాని భాగమని ఆయన అన్నారు. చేతులకు సంకెళ్ళు లేకపోయినా, ఎవరో ఎప్పుడూ కనిపెట్టి చూస్తున్నారన్న భయం మనిషి మనస్సును బంధిస్తుందని ఆయన వాదన సారాంశం. నిఘా నియమం మొత్తం కొట్టివేయవలసినదే అన్నారు.

సుబ్బారావుగారితో అభ్యుదయవాదులకు ఒక పాత తగవు ఉన్నది. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో, పంజాబు భూపరిమితి చట్టం సందర్భంగా, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని చెప్పిన తీర్పు ఆయనదే. ఆనాడు ఆస్తిహక్కు కూడా ప్రాథమిక హక్కే కనుక, ఆ తీర్పు భూసంస్కరణలకు అడ్డుగోడ అయినది. ఆ విమర్శను వెనక్కి తీసుకోనక్కరలేదు. కాని ఒక తీర్పు మీద కోపంతో మరొక తీర్పును మనం చదవకుండా వదిలేశాం. భూమి ఉన్నవాడి ఆస్తిని కాపాడిన కలమే, ఏమీ లేని ఖరక్‌సింగ్ నిద్రను కూడా కాపాడబూనింది. మొదటిదాన్ని విమర్శించి రెండవదాన్ని సొంతం చేసుకోవడమే సరైన విమర్శ పద్ధతి.

ఆ తరువాత తెలుగు నేల మీదనే రెండు కేసులు నడిచాయి. 1983లో సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఎ. చౌదరి, ఇష్టం లేని భార్యను భర్తతో కాపురం చేయమని కోర్టు ఉత్తరువు ఇవ్వడం ఆమె గోప్యతకు భంగమన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. అయినా గుట్టు ఇంటిది కాదు, ఇంట్లోని మనిషిది అని తెలుగునాట ఒక న్యాయమూర్తి గొంతెత్తి చెప్పిన సందర్భం అది.

రెండవది బ్యాంకు కాగితాల కేసు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టానికి ఒక సవరణ చేసింది. కలెక్టరు రాసి ఇస్తే చాలు, ఎవరైనా సరే ఏ ఆఫీసులోనైనా ప్రవేశించి దస్తావేజులు చూడవచ్చును, నకళ్ళు రాసుకోవచ్చును. స్టాంపు సుంకం ఎగవేతను అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. కాని కారణం చూపనక్కరలేని అధికారం మంచిది కాదు. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఆ సందర్భంలో ఒక ముఖ్యసూత్రం చెప్పింది: గోప్యత స్థలానికి కాదు, మనిషికి అంటుకుని ఉంటుంది. ఖాతాదారు తన కాగితాలు బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన అవి బజారు సొత్తు కావు. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. ఈనాటి టెలిఫోను పిలుపులకు తాళంచెవి ఇక్కడే ఉన్నది.

ఇక టెలిఫోను సంగతి. 1882 జనవరిలో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలలో ఎక్స్చేంజీలు మొదలైనవి. ఆ తరువాత వంద సంవత్సరాలపాటు ఫోను కొద్దిమంది ఇళ్ళలో ఉండే వస్తువు. ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు కాచుకునే రోజుల్లో పని లేకుండా పిలిచేవాడెవడు? పిలుపు ఖరీదైనదిగా ఉన్నంతకాలం మర్యాద దానంతట అదే నిలిచింది. 1995 జూలై 31న పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు దేశంలో మొదటి మొబైలు ఫోను సంభాషణ జరిపారు. తొలి సంవత్సరాలలో మొబైలుకు వచ్చిన పిలుపుకు అందుకున్నవాడు కూడా డబ్బు కట్టవలసి వచ్చేది. 2003 మే 1 నుంచి ఆ భారం పిలిచినవాడి మీదికి మారినది. అందుకునేవాడికి ఖర్చు పోయినది. పిలిచేవాడి ఖర్చు పైసలలోకి దిగినది. 2016 తరువాత మాటకు వేరే వెల అంటూ దాదాపు లేకుండా పోయింది. అప్పుడు పిలుపు సంభాషణ స్వభావం పోగొట్టుకుని దండోరా స్వభావం తెచ్చుకున్నది. తేడా ఒక్కటే: దండోరా వీధిలో ఆగిపోతుంది, ఇది పడకగదిలోకి వస్తుంది.

న్యాయస్థానాలు మొదట రాజ్యం వినే చెవిని గూర్చి ఆలోచించాయి. 1996 డిసెంబరు 18న, ఖరక్‌సింగ్ తీర్పుకు సరిగ్గా 34 ఏళ్ళ తరువాత, టెలిఫోను సంభాషణ గోప్యతలో భాగమనీ, చట్టప్రకారం తప్ప దాన్ని చాటుగా వినరాదనీ సుప్రీంకోర్టు చెప్పింది. బజారు అరిచే నోటిని గూర్చి ఆలోచించడం తరువాత వచ్చింది. 2005లో హర్ష్ పాఠక్ అనే న్యాయవాది, అడగని వ్యాపార పిలుపులు గోప్యతకు భంగమంటూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. దాని ఒత్తిడితో టెలికాం నియంత్రణ సంస్థ 2007 జూన్‌లో నియమాలు చేసింది. అదే సంవత్సరం, పిలుపులు వద్దనేవారి జాతీయ పట్టిక ప్రారంభమైనది. 2010లో, 2018లో కొత్త నియమాలు వచ్చాయి. వ్యాపార పిలుపులకు 140 అంకెలతో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. వద్దనుకునేవారికి 1909 అనే నంబరు ఇచ్చారు. 2025 ఫిబ్రవరి సవరణతో ఫిర్యాదుకు 3 రోజులున్న గడువు 7 రోజులు అయినది.

ఈ నియమాలు నిరుపయోగమని నేను అనను. కాని వీటి పునాదిలో ఉన్న న్యాయాన్ని పరీక్షించాలి. పట్టికలో పేరు రాయించుకోవలసినది ఎవరు? పిలిచేవాడు కాదు, పిలుపు వద్దనేవాడు. అంటే తలుపు తట్టదలచినవాడు అనుమతి అడగనక్కరలేదు. తట్టవద్దనేవాడు మాత్రం కచేరీకి పోయి తన ఇంటి పేరు రాయించుకుని రావాలి. నమోదు చేసుకోవాలని తెలియని ముసలమ్మ, అక్షరం రాని కూలివాడు, పొలంలో ఉన్న రైతు అందరూ పిలుపులకు ఒప్పుకున్నట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలు అన్నారు. వ్యాపారం దాన్ని పూర్తి అంగీకారంగా రాసుకున్నది.

మౌనాన్ని అంగీకారంగా రాసుకోవడం మనకు కొత్త కాదు. నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ రాసి, 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకంలో పెళ్ళి బేరం అగ్నిహోత్రావధాన్లుకూ లుబ్ధావధాన్లుకూ మధ్య నడుస్తుంది. చిన్నపిల్ల సుబ్బి ఇష్టమేమిటని బేరమాడినవారు అడగరు. ఇద్దరు బేరమాడతారు, మూడవ మనిషి అమ్ముడుపోతుంది. మన పేరు, నంబరు, జీతం, అప్పు, జబ్బు కూడా నేడు ఆ విధంగానే ఇద్దరి మధ్య బేరానికి వస్తున్నవి. మనం ఆ గదిలో లేము.

ఆ బేరం ఎంత పెద్దదో 2023 వసంతంలో హైదరాబాదులో బయటపడినది. ముందు మార్చిలో సైబరాబాదు పోలీసులు 16.8 కోట్లమంది సమాచారం అమ్ముతున్న ముఠాను పట్టుకున్నట్టు ప్రకటించారు. ఏప్రిల్ మొదట్లో మరొక వ్యక్తి వద్ద 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు దొరికాయన్నారు. దేశ జనాభాతో పోల్చి చూడండి. నేరస్థ తెగల పట్టీలో ఎక్కినవారు కొన్ని కులాలవారు. ఈ పట్టీలో దాదాపు సగం దేశం ఎక్కినది. బ్యాంకు చేతిలో పెట్టిన కాగితం బజారు సొత్తు కాదని 2004లో చెప్పిన సూత్రం, తీర్పు పుటల్లోనే ఉండిపోయినది.

పట్టీ ఎవరిని ఎక్కువ కొడుతుందో తెలుసుకోవాలంటే అప్పు యాప్‌ల కథ చాలు. లాక్‌డౌన్‌లో పని పోయినవారు, జీతం ఆగినవారు ఐదువేలకూ పదివేలకూ ఫోనులోనే అప్పు తీసుకున్నారు. అప్పు ఇచ్చేముందు యాప్ వారి ఫోనులోని పేర్లన్నీ లాక్కున్నది. వాయిదా తప్పగానే అక్కకు, మేనమామకు, ఆఫీసులో పైవాడికి ఫోన్లు పోయేవి. మీవాడు దొంగ అని చెప్పేవారు. వెనుకటి అప్పులవాడు వాకిట్లో కూర్చుని ఒక వీధిలో పరువు తీసేవాడు. కొత్త అప్పులవాడు మనిషికి తెలిసిన లోకమంతటిలో పరువు తీశాడు. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పు యాప్‌లు ఫోనులోని పేర్ల జోలికి పోరాదని ఉత్తరువు ఇచ్చింది. గోప్యత ధనికుల విలాసమనే మిత్రులు ఈ ఉత్తరువు ఎవరి శవాల మీదుగా వచ్చిందో ఆలోచించాలి.

ఇంతవరకు పిలుపు అందుకున్నవాడిని చూశాం. తీగకు రెండవ కొస కూడా ఉన్నది. అక్కడ కూర్చున్నవాడు ఎవరు?

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన ప్రాంతపు యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లు వారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కున్నారు. అపరిచితులను ఫోనులో మోసం చేయడమే పని. రాబడి తేలేకపోతే తిండి తగ్గించారు, హింసించారు. మే 20న అక్కడ వందలమంది భారతీయులు నిరసనకు దిగారు. ఆ నెలలోనే మొదటి జట్టు విశాఖపట్నం చేరుకున్నది. వెట్టిచాకిరి రద్దు చట్టం మన దేశంలో 1976 నాటిది. వెట్టి పోలేదు, సముద్రం దాటి, చెవికి యంత్రం తగిలించుకుని తిరిగి వచ్చింది.

మరుసటి ఏడు, 2025 మే నెలలో, మా జిల్లాలోని అచ్యుతాపురంలోనే ఇటువంటి కాల్ సెంటరును అనకాపల్లి జిల్లా పోలీసులు పట్టుకుని 33 మందిని అరెస్టు చేశారు. అక్కడి నుంచి పిలుపులు పోయినది అమెరికాకు. పేరున్న వ్యాపార సంస్థ ఉద్యోగులమని చెప్పి, భయపెట్టి, గిఫ్టు కార్డుల రూపంలో డబ్బు లాగేవారని పోలీసులు చెప్పారు. పని చేసినవారిలో చాలామంది ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన యువతీయువకులట. మన పిల్లలు కంబోడియాలో, ఈశాన్యపు పిల్లలు మన అచ్యుతాపురంలో, అవతల అమెరికాలో భయపడుతున్న ఒక వృద్ధుడు! పెట్టుబడి ఎక్కడ నిరుద్యోగం దొరికితే అక్కడ గొంతు కొంటుంది. ఎక్కడ ఒంటరితనం దొరికితే అక్కడ దాన్ని అమ్ముతుంది. మోసం చేసినవాడి నేరం నేరమే. కాని నేరానికి యజమాని ఎవరు, కూలి ఎవరు అన్న భేదం చూడకపోతే మనం విమర్శకులం కాము.

చట్టబద్ధమైన కాల్ సెంటర్లలో పనిచేసే ఆడపిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోజుకు ఇన్ని పిలుపులన్న లెక్క వారి మెడ మీద ఉంటుంది. అవతలి నుంచి వచ్చే తిట్లు వారు పడతారు. నంబర్లు కొన్న యజమాని పడడు. మన విసుగు సరైన చిరునామాకు చేరడం లేదు.

ఈ మధ్య వచ్చిన డిజిటల్ అరెస్టు మోసం ఈ చరిత్రకంతకూ అద్దం పడుతుంది. పోలీసు దుస్తుల్లో ఒకడు వీడియోలో కనిపించి, మీ మీద కేసు ఉన్నది, గది విడిచి కదలవద్దు అంటాడు. చట్టంలో అటువంటి అరెస్టు లేదు. అయినా చదువుకున్నవారు, ఉద్యోగ విరమణ చేసినవారు రోజుల తరబడి కదలకుండా కూర్చుని ఉన్నదంతా పంపించారు. ఎందుకు? పోలీసు తలుపు తడితే ప్రశ్నించరాదన్న భయం మన నెత్తుటిలో ఉన్నది కనుక. ఖరక్‌సింగ్ తలుపు మీద పడిన ఆ చప్పుడునే దొంగ నేడు పెట్టుబడిగా వాడుకుంటున్నాడు. నిఘాకు అలవాటుపడిన సమాజం మోసానికి సులభంగా లొంగుతుంది.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. ఖరక్‌సింగ్ కేసులో గోప్యతను కాదన్న భాగం పోయింది. సుబ్బారావు మాట 55 ఏళ్ళకు నిలిచింది. ఆ విచారణలో, సంక్షేమం కోసం పేదలు గోప్యత వదులుకోవాలన్న వాదాన్ని కూడా కోర్టు తోసిపుచ్చింది. మన మిత్రుల ఆక్షేపణ ఆనాడు ప్రభుత్వ పక్షపు నోట వినిపించడం గమనించదగినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటించి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అదే 2023లో వచ్చిన టెలికాం చట్టం, వ్యాపార సందేశాలకు ముందస్తు అనుమతి కావాలని నియమం చేయడానికి ప్రభుత్వానికి వీలు కల్పించింది. వీలు కల్పించడం వేరు, విధించడం వేరు.

కాబట్టి కోరవలసినది స్పష్టం. అనుమతి భారం పిలిచేవాడి మీద ఉండాలి. నమోదు చేసుకోనివాడి మౌనం తిరస్కారంగా లెక్కకు రావాలి. నంబరు ఎవరి దగ్గర కొన్నావని అడిగే హక్కు పిలుపు అందుకున్నవాడికి ఉండాలి. శిక్ష పట్టీలు అమ్మినవాడికీ కొన్నవాడికీ పడాలి గాని, కూలికి మాట్లాడినవాడితో ఆగిపోరాదు. బజారును కట్టడి చేస్తున్నామన్న పేరుతో రాజ్యం తన పట్టీలను పెంచుకోరాదు.

రచయితలకు కూడా ఇందులో పని ఉన్నది. తెలుగు కథ జమీందారు కచేరీలోకి పోయింది, మిల్లులోకి పోయింది, గనిలోకి పోయింది. చెవికి యంత్రం తగిలించుకుని, ముందు పెట్టిన కాగితం చూసి మాట్లాడే మనిషి గదిలోకి, అతని పిలుపుకు వణికే మనిషి గదిలోకి అది పోవలసి ఉన్నది. ఆ ఇద్దరూ ఒకరికొకరు శత్రువులు కారని వారికి చెప్పగలిగినది సాహిత్యమే.